మూత నాది, ముల్లు గున్నమ్మది

నేను, మజ్జి మణిమాల, కీర్తిశేషులు మజ్జి శంకరరావు గారి భార్యను, వయస్సు డెబ్బై ఒకటి, నివాసం భిలాయి క్యాంప్ 1, ఉక్కు కర్మాగారంలో సిబ్బంది రికార్డులు చూసి రిటైరైన గుమస్తాను, నా సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. నా తెలివి నా దగ్గరే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. నా చేత బలవంతంగా రాయించేంత ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

వచ్చే బుధవారం రాయపూర్‌లో నాకు గుండె ఆపరేషను. డాక్టరు భయం లేదన్నాడు, నాకూ లేదు. ఊరెళ్లేటప్పుడు గ్యాసు కట్టేసి, తాళం వేసి, తాళంచెవి ఎవరికో ఒకరికి చెప్పి వెళ్తాం కదా, ఈ కాగితమూ అంతే. వకీలు గారు హిందీలో టైపు చేయిస్తానన్నారు. దీవించాలన్నా తిట్టాలన్నా నాకు తెలుగే వస్తుందని చెప్పి ఆయన దగ్గర ఠావులు మాత్రం తీసుకున్నాను.

సాక్షులు ఇద్దరుండాలి. ఒకరు పక్కింటి రాజాబాబు గారు, సరేనన్నారు. రెండో సాక్షిగా పొట్నూరు గున్నమ్మ ఉండాలని నా కోరిక. ప్లాంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, మా వెనక సందులో ఉంటుంది, తొమ్మిదేళ్లుగా నాతో మాట్లాడదు. నాకు బుర్ర లేదని క్యాంపంతా చెప్పుకొచ్చిన మనిషి. నా బుద్ధి స్థిమితంగా ఉందని ఆవిడే సంతకం పెడితే ఇక ఏ కోర్టు అడుగుతుంది నన్ను? వస్తుందో రాదో ఈ వాక్యం రాసే సమయానికి తెలియదు. అడగడానికి నోరు రాలేదు. ఆవిడ సంతకానికి చోటు వదిలాను.

ఒకటి. క్యాంప్ 1లో ఉన్న ఇల్లు సర్వహక్కులతో నా కొడుకు సతీష్‌కుమార్‌కు చెందుతుంది. షరతు ఒక్కటే. వంటింటి కిటికీ మూసేసి అలమర కట్టిస్తానని వాడు టేపు పట్టుకుని రెండుసార్లు కొలతలు తీశాడు. ఆ కిటికీ మూయరాదు. అందులోంచి వెనక సందు కనిపిస్తుంది.

రెండు. కుమ్హారిలోని ఇంటి స్థలం నా కోడలు రోహిణికి, ఆమె ఒక్కదాని పేరు మీదే. సతీష్ హథ్‌ఖోజ్‌లో పెట్టుకున్న వెల్డింగు షెడ్డు మంచిదే, వాడి కష్టమూ మంచిదే. కానీ కొత్త మెషీను చూసినప్పుడల్లా వాడికి తాకట్టు గుర్తొస్తుంది. రోహిణి ఒప్పుకోకుండా ఆ స్థలం జోలికి వెళ్లడానికి లేదు.

మూడు. మా మరిది చినబాబుకు ఏమీ లేదు. నా పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి గంగాళాన్ని, వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతమని పట్టుకెళ్లి ఇప్పటికీ తేలేదు. ఆ వ్రతం ఇంకా అవ్వలేదనుకుంటాను. సదరు గంగాళాన్ని ఇందుమూలంగా అతనికే దఖలు పరుస్తున్నాను. ఇకమీదట నన్ను చూసి సందు మారనక్కర్లేదు.

నాలుగు. కుట్టుమిషను, పచ్చడి జాడీలు, నా పట్టుచీరలన్నీ రోహిణివి. పోయిన వేసవిలో ఆమె ఫోనులో చూసి ఆవకాయ కలిపితే నేను పెదవి విరిచాను. తర్వాత రెండో ముద్ద కూడా దాంతోనే తిన్నాను. ఈ మాట ఆమెకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. పాపం, ఇది కూడా ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం రాదు.

అయిదు. చేతి వాచీ. (ఈ అంశాన్ని నేనే కొట్టివేశాను. కారణం ఆరో అంశంలో ఉంది. మ. మణిమాల.)

పాతికేళ్ల సర్వీసు నిండినందుకు నాకూ గున్నమ్మకూ ఒకే రోజు, ఒకే వేదిక మీద, పేరున్న కంపెనీ వాచీలు ఇచ్చారు. రెండూ ఒకటే రకం, బంగారు రంగు పట్టీ, తెల్లటి డయలు. తేడా అల్లా వెనక మూత మీద చెక్కిన ఉద్యోగి నంబరు. ప్లాంటులో నంబరే మనిషి. ఒకే పేరున్న వాళ్లు పదిమంది ఉండొచ్చు, ఒకే నంబరున్న వాళ్లు ఇద్దరుండరు. ఆ నంబర్లు సరిచూడటమే నా ఉద్యోగం.

రిటైరయ్యాక రెండు వాచీలనూ ఒకే రుమాల్లో మూటగట్టి సర్వీసింగుకి నేనే పట్టుకెళ్లాను. సివిక్ సెంటర్‌లో అప్పట్లో ఒక షోరూము ఉండేది. రెండిటినీ ఒకే బల్ల మీద మూతలు విప్పి, శుభ్రం చేసి, కొత్త సెల్లు వేసి ఇచ్చారు. నా నంబరున్నది నేను ఉంచుకుని, గున్నమ్మ నంబరున్నది గున్నమ్మకు ఇచ్చాను. రెండు రోజులకు వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏటే మణీ, ఇది నా వాచీ కాదే. మూతొక్కటే నాది. మూతలు మార్చి బిగించీసినారు. నా సెకన్ల ముల్లు ప్రతి గీత మీదా సరిగ్గా నిలబడీది. ఇదేటి, గీతకీ గీతకీ మధ్యన నిలబడతంది! ఆ ముల్లు చూసుకునే కదే ఇన్నేళ్లూ జనాలకి నాడి చూసినాను, నాకు తెల్దేటి?” అంది. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, “అదిగో, నా ముల్లు నీ చేతికుంది,” అంది.

నేను మూత చూపించాను. నంబరు కలిసిందంటే కలిసినట్టే. “నీ నంబరు తెచ్చి నా మెడకి కడితే నేను మణినైపోతానేటే?” అంది. “సూదులు పొడిచే దానివి, రికార్డుల సంగతి నీకేం తెలుసు?” అన్నాను. “బుర్రలేనిదానా!” అని వెళ్లిపోయింది. నేను తలుపు గట్టిగానే వేశాను.

ఆ తర్వాత సందులో అందరి నాడీ చూసింది, నా గుమ్మం మాత్రం ఎక్కలేదు. ఎక్కింది ఒక్కసారి, మావారు పోయినప్పుడు. నాతో మాట్లాడలేదు. వంటింట్లో కూర్చుని వచ్చినవాళ్లందరికీ టీ కాచింది. నాకు రోహిణి చేత పంపింది. నాకు పంచదార ఎంత వెయ్యాలో అంతే వేసింది.

మొన్న దసరా వెళ్లాక నా చేతి వాచీ ఆగిపోయింది. రోహిణి దాన్ని రాయపూర్‌లో కంపెనీ సర్వీసు సెంటరుకి తీసుకెళ్లి అక్కణ్నుంచి ఫోను చేసింది. “అత్తయ్యా, వీళ్లు బోల్ రహే హై, లోపలి మెషీన్ పూరా మార్చాలట. పాతది వాపస్ ఇవ్వరట. హా బోల్ దూ క్యా?” అని అడిగింది.

తొమ్మిదేళ్లుగా నేను వాదించిన ప్రకారమైతే వెంటనే సరే అనాలి. నంబరు మూత మీద ఉంది, మూత ఉంటుంది, లోపలిది ఏమైతేనేం? కానీ నా నోటి వెంట వచ్చింది వేరే మాట. “ముట్టుకోవద్దను. ఉన్నదున్నట్టు పట్టుకొచ్చెయ్,” అన్నాను. “ఘడీ హై అమ్మా, కిడ్నీ నహీ,” అని, ఒక వాచీకి ఇంత రాద్ధాంతమా అన్నట్టు సతీష్ ఒకటే నవ్వు.

వాడికేం తెలుసు? కొత్త మెషీను వేస్తే అది నాదీ కాదు, గున్నమ్మదీ కాదు. అప్పుడింక దేని గురించి అలగాలి? మా ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలింది ఆ తగువొక్కటే. అదీ పోతే గున్నమ్మ నాకు ఏమీ కాని మనిషైపోతుంది. అది నేను తట్టుకోలేననిపించింది.

కాబట్టి సదరు వాచీలో నా నంబరున్న వెనక మూతను రోహిణికి, డయలునూ లోపలి మెషీనునూ సెకన్ల ముల్లుతో సహా పొట్నూరు గున్నమ్మకు దఖలు పరుస్తున్నాను. గున్నమ్మ చెప్పింది నిజమని నేను ఒప్పుకున్నట్టుగా దీన్ని ఎవరూ అర్థం చేసుకోరాదు.

ఇంతవరకు రాసింది నేను హిందీలో చెబితే వకీలు గారు విని, “ఘడీ కా బట్వారా, మాతాజీ?” అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పొలాలు పంచడం చూశారట గానీ వాచీ పంచడం చూడలేదట. ఆపైన అసలు చిక్కు చెప్పారు. వీలునామాలో ఏదైనా పుచ్చుకునే మనిషి అదే వీలునామాకు సాక్షిగా ఉండకపోవడం మంచిదట, రేపు ఎవరైనా అనుమానిస్తారట. అంటే గున్నమ్మకు వాచీ అయినా ఇవ్వాలి, గున్నమ్మ చేత సంతకమైనా పెట్టించుకోవాలి. నాకు రెండూ కావాలి. ఏం చెయ్యాలో తోచక కాగితాలు బల్ల మీద పెట్టేసి పప్పు పొయ్యి మీద పెట్టాను.

ఆరు. పై అంశం కొట్టివేతకు కారణం. ఈ రోజు ఉదయం నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి బల్ల మీద కాగితాలు లేవు. రోహిణీ లేదు. తెలుగు చదవడం రాదు కదా, చదివి పెట్టమని వెనక సందుకే పట్టుకెళ్లిందట! క్యాంపులో తెలుగు చదవగలిగినవాళ్లు ఇంకెవరూ దొరకలేదట. నేను నమ్మలేదు, కోప్పడనూ లేదు.

కాసేపటికి గున్నమ్మ వచ్చింది. చేతిలో నా వీలునామా. వెనకాల రోహిణి, ఏమీ ఎరగనట్టు.

“నువ్వు పోయినాక ఇస్తావేటే? నేనేటి నీకంటే చిన్నదాన్నా? ఇప్పుడే ఇచ్చీ,” అని చెయ్యి చాపింది.

ఆగిపోయిన వాచీ తెచ్చి ఆ చేతిలో పెట్టాను. తన చేతిది విప్పి నాకు కట్టింది. “ఇది నీది. వానకి తడవనియ్యలేదు, జాగర్తగా చూసినాను,” అంది. అది ఆడుతూనే ఉంది. సెకన్ల ముల్లు గీతకూ గీతకూ మధ్యన నిలబడుతోంది. నేను నా వాచీలో గంటలూ నిమిషాలే గానీ సెకన్లు ఎన్నడూ చూసుకోలేదు. కనక ఇది నాదని గానీ కాదని గానీ చెప్పలేను. తెలియని సంగతి రాసి సంతకం పెట్టే అలవాటు నాకు లేదు.

మెషీను మార్చాలంటున్నారన్న సంగతి భయం భయంగా చెప్పాను. అంతకాలం ఆ ముల్లు కోసం పోట్లాడిన మనిషి మళ్లీ లేచి వెళ్లిపోతుందేమోనని నా బాధ.

“మార్చీమను. తిరగనప్పుడు ఎవుల ముల్లయితే ఏటి? రేపు బుధవారం నీ కాల్లో నరం తీసి గుండెకి కుట్టీస్తారు. అంతమాత్రాన నువ్వు మణివి కాకుండా పోతావేటి? నేను పోల్చుకోనేటి నిన్ను?” అంది.

ఇద్దరం ఏడ్చాం. ఇది వీలునామాలో రాయదగ్గ సంగతి కాదని వకీలు గారు ఫోనులో అన్నారు. రాశాను. కొట్టివేతలు లేకుండా శుభ్రంగా తిరగరాయమని కూడా అన్నారు. కుదరదు. రికార్డులో ఎంట్రీ తప్పయితే చెరిపెయ్యరు, కింద ఏముందో కనిపించేలా ఒక్క గీత గీసి పక్కన సంతకం పెడతారు. అలాగే చేశాను.

ఆగిన వాచీ ఎలాగూ సర్వీసుకి వెళ్తోంది కదా, రెండూ పట్టుకెళ్లి మూతలు అటుదిటు మార్పించేస్తానంది రోహిణి. ఇద్దరం ఒక్కసారే వద్దని అరిచాం. పిల్ల బెదిరిపోయింది. నా నంబరున్న వాచీ ఈ రోజు నుంచి గున్నమ్మది, గున్నమ్మ నంబరున్నది నాది. ఇదే ఖాయం. నా చేతికున్నది నా తదనంతరం రోహిణికి వెళ్తుంది. మూత మీద ఎవరి నంబరని ఎవరైనా అడిగితే, మా అత్తయ్య స్నేహితురాలిదని చెప్పాలి.

ఇచ్చేదేదో ఈ చేత్తోనే ఇచ్చేశాను గనక ఈ వీలునామా ద్వారా గున్నమ్మకు చెందవలసింది ఇక ఏమీ లేదు. సాక్షి సంతకానికి అడ్డమూ లేదు.

ఏడు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత రోహిణిది. సతీష్ నొచ్చుకోరాదు, వాడి సాక్సులు ఎక్కడున్నాయో కూడా వాడికి ఆమే చెప్పాలి. అమలు జరిపే మనిషికి ఇందులో ఏముందో చదవడం రావాలి కదా. అక్షరాలు నేర్పడానికి గున్నమ్మ ఒప్పుకుంది. నేను ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి గుణింతాలు ఒప్పజెప్పాలి. తప్పులు నేనే దిద్దుతాను.

ఇంతకుముందు నేను ఇలాంటి కాగితమేదీ రాయలేదు. మళ్లీ రాయాలనిపిస్తే రాస్తాను, అప్పుడు ఇది చెల్లదు.

భిలాయి, 2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) మజ్జి మణిమాల

మా కళ్లముందే మణిమాల గారు పై సంతకం చేశారు. ఆమె కళ్లముందే మేమూ చేస్తున్నాం.

మొదటి సాక్షి: కిల్లి రాజాబాబు, క్యాంప్ 1, భిలాయి.

రెండో సాక్షి: పొట్నూరు గున్నమ్మ, రిటైర్డ్ స్టాఫ్ నర్సు, క్యాంప్ 1, భిలాయి. మణి బుర్ర బాగానే ఉంది. ఇన్నేళ్లూ బాగానే ఉంది, మొండిదంతే. బుధవారం ఆస్పత్రిలో దాని దగ్గర ఉండేది నేనే. ఇంటికి తీసుకొచ్చేదీ నేనే.