డెన్మార్కు పాటలో మిగిలిన సగం

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. ఈపొద్దు మన డెన్మార్కు బ్యాండు దొరికింది. క్యాసెట్టు మీద నువ్వు "డెన్మార్కు" అని మాత్రమే రాసినావు, పేరు తెలీక ఇన్నాళ్లూ వెతుకుతానే ఉన్నా. బ్రూక్‌ఫీల్డ్‌లో బస్సు కోసం నిలబడి ఫోన్లో ఏవో పాటలు వింటా ఉంటే, ఉన్నట్టుండి ఆ డ్రమ్ములు మొదలైనాయి.

చిన్నప్పుడు ఆ పొద్దు నాయనకు తెలీకుండా వింటా ఉంటే, పాటలో గిటారు పైకెక్కేచోట నేను కంగారులో ఆపే బటన్ బదులు రికార్డు బటన్ నొక్కినా కదా. "ఆపప్పా సీనా, నాయన వస్తా ఉండాడు!" అన్న నీ గుసగుస పాట మీద పడింది. రికార్డింగు అట్లే నడిచి మిగతా పాటంతా చెరిగిపోయింది. నిన్న మళ్లీ వేస్తే టేపు సరిగ్గా ఆడనే నలిగి తెగింది. నీ గొంతు ఇంకెక్కడా లేదు.

ఈపొద్దు ఫోన్లో ఆ చోటు దగ్గరపడే కొద్దీ ఊపిరి బిగబట్టినా. నీ గుసగుస ఉండదని తెలుసు, అయినా చెవులు రిక్కించినా. బస్సొచ్చింది, ఎక్కలేదు. గిటారు పైకి పోయింది. ఆపేకి నా బొటనవేలు దానంతట అదే లేచింది.

ఈసారి ఎవురూ ఆపమనలేదన్నా. మిగతా సగం నేనొక్కడినే విన్నా.

సీనా