మ్యాప్‌లో పచ్చచుక్క

గురువారం రాత్రి, అల్ ఘర్రాఫా

డేగతో వేటకు ఎక్కడికి పోవాలా అని నేను డ్రైవర్‌గా ఉన్న ఇంటి అరబ్బు యజమాని, మా అర్బాబ్, సాయంత్రం ఫోన్‌లో మ్యాప్ తెరిచాడు. పైనుంచి తీసిన ఫొటోలో అంతా ఇసుక, ఒక్కచోట పచ్చచుక్క. "ఇదర్ పానీ హై, చిడియా ఆయేగా. సుబహ్ యల్లా!" అన్నాడు, పొద్దున్నే బయల్దేరాలని.

నీటిగుంటా లేదు, పిట్టా లేదు. అది అక్కడ మేకలు కాసే మా కడప సుబ్బయ్య, వాటి నీళ్ల తొట్టి పక్కన చాటుగా పెంచుకుంటున్న గోంగూర మడి. నీళ్లు దుబారా చేస్తే ఇంటికి పంపేస్తానని మేకల యజమాని ముందే బెదిరించాడు. రేపు వేటకు ఆయనా వస్తున్నాడు.

"ఎవురికీ చెప్పొద్దన్నా" అంటూ మొన్న నాకు కట్ట కోసిచ్చాడు సుబ్బయ్య. నేను చెప్పలేదు. ఆ పాడు ఫొటో చెప్పేసింది. పీకెయ్యమందామంటే అతని ఫోన్ కలవడం లేదు. అర్బాబ్‌ను వద్దంటే ఎందుకని అడుగుతాడు.

నాకు కళ్లు మూసుకున్నా తెలిసిన దారిని రేపు అర్బాబ్ మ్యాప్ చూసి చెబుతుంటాడు. బండి తోలాల్సింది నేనే.