సభల నేను మాట్లాడొద్దు

జనవరి 17
తెలుగుల రాస్తున్న. అమ్మీకి ఉర్దూ తప్ప చదవరాదు, అందుకే.
నా ఎల్‌ఎల్‌బీ డిగ్రీకి ఇన్నాళ్లకు ఒక పని దొరికింది. జనం శాంతంగ సభ పెట్టుకుంటే పోలీసులు ఎట్ల ఉంటున్నరో చూసి రాయాలె. రిపోర్టు జెనీవాల ఉన్న సంస్థకు పోతది. ఆన్‌లైన్ ట్రైనింగ్ అయిపోయింది. నినాదం ఇయ్యొద్దు, అడ్డం పోవద్దు, సభల మాట్లాడొద్దు. అబ్జర్వర్ అంటే గంతే.

జనవరి 20
బోధన్‌ల చెరుకు కోసే కూలోళ్లు సంఘం పెట్టుకుంటున్నరు. ఎల్లుండి సభ. సంఘం పెద్ద నర్సన్న పర్మిషన్ కోసం తిరుగుతనే ఉన్నడు. పోలీసులు ఇస్తమనరు, ఇయ్యమనరు.

జనవరి 22, సాయంత్రం
సభ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చిన.
సభ మొదలుగాంగనే పోలీసులొచ్చిండ్రు. పర్మిషన్ లేదు, లేవుండ్రి అన్నరు. నర్సన్న అందర్నీ కింద కూసోమన్నడు. కూసున్నరు. ఒక్కలు రాయి ముట్టలే. కోతకు పోయే భూమవ్వ మైకు ఇడువలే. "కూసున్నా తప్పేనా సారూ?" అన్నది. ఆమెనూ ఇంకా కొందర్నీ రెక్కలు పట్టి వ్యాన్‌ల ఎక్కించిండ్రు. భూమవ్వ ఎక్కుతుంటె నా దిక్కే చూసింది. నేను రాసుకుంట నిలబడ్డ. నా మీద నాకే కోపమొచ్చింది.
ఒక పోలీసాయన నా అబ్జర్వర్ కార్డు ఫోటో తీసుకున్నడు.

జనవరి 23
రాత్రే అందర్నీ ఇడిచిపెట్టిండ్రట. భూమవ్వ చెయ్యి వాసిందట.

జనవరి 25
ఎవరో మా అబ్బా టైలర్ షాపుకొచ్చి, నీ బిడ్డ ఎవరి కోసం పని చేస్తున్నదని అడిగి పోయిండట. అమ్మీ ఏడుస్తున్నది. అబ్బా అన్నం తిని మళ్ల షాపుకు పోయిండు. అరిచినా బాగుండు.

జనవరి 28
రిపోర్టు రాసుడైంది. నీ పేరు లేకుంట గూడ పంపొచ్చు, పేరుంటే బలముంటది, నీ ఇష్టం అన్నది జెనీవా సంస్థ మేడం. సెండ్ మీద వేలు పెట్టిన, తీసిన. షాపుకు పోయి, పేరు పెట్టాల్నా అని అబ్బాను అడిగిన. నువ్వు రాసింది కళ్లార చూసిందేనా అన్నడు. అవునన్న. మళ్ల మిషన్ తొక్కుకుంట కూసున్నడు.
పేరుతోనే పంపిన.

జనవరి 29
తలుపు చప్పుడైతే ముందు కిటికీల నుంచి చూస్తున్న.

ఫిబ్రవరి 9
ఈసారి సభకు పర్మిషనొచ్చింది. రిపోర్టు వల్లనో, నర్సన్న తిరిగి తిరిగి సాధించిండో, తెల్వది. పోలీసులు దూరం నిలబడ్డరు.
అబ్బా దుకాణం బంద్ చేసి వచ్చిండు. భూమవ్వ ఎనుక వరుసల, కింద కూసున్నడు.
నేను డ్యూటీల ఉన్న. సలాం గూడ చెప్పలే.