మార్లీన్‌ని ఎవరూ అడగలేదు

కాపెల్, టెక్సస్,
19 అక్టోబరు 2025

ఒసే విజయా,

‘శ్రీమతి విజయశ్రీ గారికి’ అని మొదలుపెడితే తిడతావని ఇలా పిలుస్తున్నాను. ఇక్కడ నేనూ మా ఆయనా క్షేమం. జెర్సీ సిటీలో మీరంతా కులాసాయే అనుకుంటాను. ఆస్పత్రి నుంచి రిటైరయ్యాక ఇంత హాయిగా ఉంటానని నేననుకోలేదు. మా వీధి చివర అందరం కలిసి పెంచే తోటలో ఈసారి బెండ విరగకాసింది.

ఫోన్లో సగమే చెప్పాను కదా, ఆ సంగతి పూర్తిగా రాస్తున్నాను. పోయిన శనివారం పొద్దున తోటలో ముగ్గురం ఉన్నాం. నేను కాక డెలియా, మార్లీన్. డెలియా డాలస్‌లోనే పుట్టి, ఇక్కడే బడిలో పాఠాలు చెబుతోంది. వాళ్ళ తాత మెక్సికో మనిషి. మార్లీన్ తెల్లావిడ, కెనడా నుంచి వచ్చి స్థిరపడింది. ముఖాలకు ముసుగులతో ఇద్దరు ఇమిగ్రేషన్ అధికారులు కారు దిగి, తిన్నగా డెలియా దగ్గరికీ నా దగ్గరికీ వచ్చారు. ఎక్కడ పుట్టారు, కాగితాలు చూపించండి అన్నారు. నాతో స్పానిష్‌లో మాట్లాడారే! సిటిజన్‌నై నలభై ఏళ్ళయినదాన్ని, మట్టి చేతులతోనే సంచీలో లైసెన్స్ కోసం వెతకసాగాను. డెలియా మాత్రం, “నేను ఇక్కడే పుట్టాను. నన్నెందుకు అడుగుతున్నారు?” అంది. ఒకతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు మార్లీన్ పార కింద పడేసి మధ్యలోకి వచ్చింది. “ఇక్కడ పుట్టనిదాన్ని నేను. సిటిజన్‌ని కూడా కాదు. నన్ను అడగండి,” అంది. మీతో పనిలేదు మేడమ్, పక్కకు జరగండి అన్నాడతను. ఆవిడ కదల్లేదు. “వీళ్ళని ఏం చూసి అడిగారో, నన్ను ఏం చూసి వదిలేశారో చెప్పండి,” అని అరిచింది. ఆ అరుపుకి వీధిలోవాళ్ళు బయటికొచ్చి ఫోన్లలో వీడియో తీయసాగారు. ఆ అధికారులు డెలియా లైసెన్స్ ఒకసారి చూసి, కారెక్కి వెళ్ళిపోయారు.

డెలియా ఫిర్యాదు పెట్టింది. నేను సాక్షిగా సంతకం చేశాను. నిన్న ముగ్గురం మా వంటింట్లో కూర్చుని వేడన్నంలో గోంగూర పచ్చడి కలుపుకు తిన్నాం. మంటకి కళ్ళు కారుతున్నా మార్లీన్ మారు వడ్డించమంది. ఒకటే నవ్వులు! భయం పూర్తిగా పోలేదు గానీ, మనసు మాత్రం నిండుగా ఉందే.

నీ
ఆండాళ్

తా.క.: అన్నాలయ్యాక మార్లీన్ చెప్పింది. ఆవిడ గ్రీన్‌కార్డు గడువు కిందటేడే అయిపోయిందట, రెన్యూ చేయించుకోవడం వాయిదా వేస్తూ వచ్చిందట. ఆ రోజు ముగ్గురిలో చెల్లే కాగితం లేనిది ఆవిడ ఒక్కతికే. అది తెలిసే మా ముందుకొచ్చి నిలబడింది.