ఎర్ర సిరా గీతలు

నగరి,
10 ఫిబ్రవరి 1946

దామోదరం అన్నకు చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా అత్తా కులాసా.

మార్చి పరీక్షకు నా పేరు ఇచ్చినట్టు రాశావు. ఆ పేరు తీసేయించు. నేను రాను. ఆయన పోయాక, ముప్పై ఏళ్ల వయసులో నాచేత పలక పట్టించింది నువ్వే. నన్ను కూడా నీలాగా బడిలో పాఠాలు చెప్తుండగా చూడాలన్న నీ ఆశ నాకు తెలుసు. చదువు మానను. పరుగు మాత్రం మానేస్తున్నాను.

పోయిన వారం వీధిలో మగ్గానికి పడుగు నూలు సాచి గంజి పెట్టాను. పాఠం ముగించాలన్న ఆత్రంలో తడి ఆరకముందే చుట్టేశాను. పోగులన్నీ అతుక్కుపోయి పడుగంతా పాడైంది. అత్త తిట్టలేదు. "ఎండ దాని పని అది సేస్తాండాది గదమ్మా, నీకేమి తొందర?" అనింది.

అప్పటి నుంచి రోజుకు ఒక్క పేజీయే చదువుతున్నాను. నిన్న పక్కింటి చౌడమ్మ, మిలిటరీలో ఉన్న కొడుకు రాసిన జాబు తెచ్చింది. తడుముకుంటూ చదివాను. కళ్లు తుడుచుకుని, "ఇంగోసారి సదువు తల్లీ" అనింది. రెండోసారి ఎక్కడా ఆగలేదు. నాకు అది చాలు.

ఇంకొక మాట. నేను రాసే ప్రతి జాబునూ ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతున్నావు. ఇప్పటికి నాలుగు వచ్చాయి. నాలుగింటిలోనూ అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాను. ఆ మాట కింద కూడా గీత గీశావు గానీ, ఎలా ఉందో చెప్పలేదు.

దీన్ని దిద్దవద్దు. అమ్మకు ఎలా ఉందో రాయి.

నీ చెల్లెలు