ఏటవాలు దగ్గర బ్రేకు

ప్రియమైన యార్మిలక్కకు,

ఇక్కడ యాస్నా కొండల్లో నేను కులాసా. మంచు బాగా పడింది, ఆకలి బాగా వేస్తోంది. అక్కడ నువ్వూ, బావా, నీ కడుపులో తన్నుతున్న బుజ్జిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. చేతిరాత నాది కాదని కంగారుపడకు. మణికట్టు బెణికింది, పక్కవాళ్ల చేత రాయిస్తున్నాను.

నీ ఉత్తరానికి జవాబులు. మెడకు మఫ్లర్ చుట్టుకుంటున్నాను. మా బసలో వండిపెట్టే అగాతా పెద్దమ్మ క్యాబేజీ పులుసు వద్దన్నా పోస్తోంది. ఇక బొహుష్ ఎలా ఉన్నాడని ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. నా సంగతి ఒక్కసారే అడిగావు. నాకు అప్పుడే ఎక్కడో తేడా కొట్టింది.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నీకు నెల తప్పాక నీ పని అతనికిచ్చారు కదా, పందేల్లో, చూపు సరిగా ఆనని నా ముందు స్కీల మీద జారుతూ హెల్మెట్ మైకులో మలుపులు చెప్పే పని. గొంతు బాగుంటుంది, కాదనను. మనిషి మీదే గురి కుదరలేదు. కొండ పైభాగమంతా "ఎడమ... వదులు... కుడి, గట్టిగా!" అని గలగలా చెప్తాడు. చివరి ఏటవాలు రాగానే నోరు పొదుపు చేస్తాడు. ఆ వెంటనే అతని స్కీలు మంచును గీకే చప్పుడు వినిపిస్తుంది. అది బ్రేకు చప్పుడు కాదంటే నేను నమ్మను. గైడు నెమ్మదిస్తే వెనకున్న నేనూ నెమ్మదించాల్సిందే. ఈ సీజన్‌లో పతకాలన్నీ అక్కడే పోయాయి.

"బ్రేకేశావా?" అని కిందికొచ్చాక అడిగితే, "ముందు బూట్లు విప్పు, కాళ్లు గడ్డకడతాయ్" అన్నాడు. అవుననీ లేదు, కాదనీ లేదు. దొంగమొహం. పైగా ఆస్ట్రియా జట్టు బల్ల దగ్గర చేరి టీ తాగుతాడు. నడవలో ఫోన్‌లో గుసగుసలాడుతూ, నా అడుగుల చప్పుడు వినగానే "సరే, ఉంటా" అని పెట్టేస్తాడు. వచ్చే ఏడు వాళ్ల అమ్మాయికి గైడుగా పోతున్నాడనీ, ఈలోగా నన్ను ఓడించి వాళ్లను మెప్పిస్తున్నాడనీ తేల్చుకున్నాను.

నిన్న కొండపైకి వెళ్లే తాడుకుర్చీలో పట్టుకున్నాను. అక్కడైతే పారిపోలేడు.

"నిజం చెప్పు. నన్ను ఎవరికమ్మేశావ్?"

"నిన్నా? ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోరు తల్లీ."

"నవ్వకు, దొంగమొహమా. ఏటవాలులో ఎందుకు ఆగుతున్నావ్?"

కుర్చీ ఒక స్తంభం దగ్గర గడగడలాడి ముందుకు సాగింది.

"మీ అక్క ఒట్టేయించుకుంది," అన్నాడు చివరికి. "పుట్టబోయే బిడ్డ మీద."

"ఏమని?"

"అక్కడ నిన్ను మెల్లగా దింపాలని. నీకిప్పుడు ఏమీ కనిపించట్లేదంట కదా. క్రిస్మస్ యాపిల్ సంగతి చెప్పింది."

అయితే ఆ ఫోన్ గుసగుసల అవతల ఉన్నది నువ్వన్నమాట!

ఆ రోజు భోజనానికి ముందు నాన్న ఎప్పటిలాగే యాపిల్‌ను అడ్డంగా కోశాడు. నడుమ గింజల నక్షత్రం నిండుగా ఉంటే వచ్చే ఏడూ అందరం ఆ బల్ల దగ్గర ఉంటామనే కదా మన నమ్మకం. నా చేతిలో పెట్టిన ముక్కను చూసినట్టు నటించి, "నక్షత్రం చక్కగా ఉంది నాన్నా" అన్నాను. అమ్మ గబగబా మాట మార్చి చేపల పళ్లెం జరిపింది. మీరంతా నా దగ్గర ఏదో దాస్తున్నారని అప్పటినుంచీ అనుమానపడుతూనే ఉన్నాను. గింజల చోటంతా పురుగు తినేసిందని నిన్న బొహుష్ చెబితేనే తెలిసింది.

మణికట్టు బెణకలేదక్కా. నువ్వూ నమ్మి ఉండవులే. లావు నల్ల పెన్నుతో రాసుకునే నా అక్షరాలు కూడా ఇప్పుడు నాకు కనిపించడం లేదు. ఉన్న కాస్త చూపూ ఆకులు రాలే రోజుల్లోనే పోయింది. చెబితే "ఇక చాలు, ఇంటికొచ్చెయ్" అంటావని దాచాను. కొండ దిగడం మానేస్తే నేనేమైపోతానో నాకే తెలియదు. ఇవాళ మా డాక్టర్లకు ఉన్నదంతా చెప్పేశాను. వచ్చే నెల నుంచి బొత్తిగా చూపు లేనివాళ్ల విభాగంలో, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని దిగుతాను.

ఇక్కడినుంచి రాస్తున్నది అగాతా పెద్దమ్మ. పైదంతా రాసింది ఎవరనుకున్నావు? బొహుషే. నిన్న సాయంత్రం కావాలనే కూర్చోబెట్టి రాయించాను. "దొంగమొహం" దగ్గర కలం ఆగింది. "రాయి" అన్నాను. పొద్దున పెద్దమ్మ చేత చదివించుకున్నాను. దొంగమొహం రెండుచోట్లా ఉంది. ఆస్ట్రియా వాళ్ల టీ ఉంది. ఒక్క తిట్టూ మెత్తబడలేదు. "ఇన్ని తిట్లు తింటూ ఎలా రాశాడే పిచ్చివాడు!" అని పెద్దమ్మ ఒకటే నవ్వు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

తనను తిట్టినవన్నీ తన చేత్తోనే ఉన్నవి ఉన్నట్టు రాసినవాడి గొంతు వెంట నేను ఎంత చీకట్లోనైనా దిగుతాను. కానీ అతను ఒట్టు తప్పనంటున్నాడు. బతిమాలినా అంతే, తిట్టినా అంతే. "మీ అక్క చెప్పాలి" అంటాడు.

నేను ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను. అందుకే ఈ ఉత్తరం. నువ్వు ఎంతైనా భయపడు, వద్దనను. ఇది అందగానే అతనికి ఫోన్ చేసి, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా పోని చెల్లెలు,
వ్లస్తా