ఇంటిపేరుకు మేకలెందుకు?

ధర్మవరం

తిరుపాలత్తకు నీ మేనకోడలు నమస్కారం పెట్టి రాసేది.

ఇక్కడ నేను బాగున్నాను. ఫోన్ చేస్తే ముత్యాలప్ప మామ స్పీకర్ పెడతాడు, వీధంతా వింటుంది, అందుకే ఉత్తరం. విడాకుల కాగితం చేతికొచ్చింది. ఇక ఆ బండారు వాళ్ల ఇంటిపేరు నాకొద్దత్తా. మళ్లీ మన కొర్రల పేరే పెట్టుకుంటాను. చీరలకు కుచ్చులు కట్టే అంగడి తెరుస్తున్నాను కదా, బ్యాంకులో ఏ పేరుంటే బోర్డు మీదా అదే ఉండాలట. పెయింటర్ కింద "చీర కుచ్చులు" అని రాసి, పైన ఖాళీ వదిలి కూర్చున్నాడు.

పేరు మారాలంటే నోటరీ దగ్గర ప్రమాణపత్రం, పేపర్లో ప్రకటన, ఆపైన గెజెట్ కావాలట. ప్రకటనకు లైనుకింత అని తీసుకుంటారు, నా దగ్గర ఉన్నదేమో అంతంతమాత్రం. నాయన లేడు కాబట్టి, నేను కొర్రల ఇంటి బిడ్డనేనని పెద్దదానివిగా నువ్వు సంతకం చేసి పంపాలి.

హేమావతి

తా.క.: బోర్డు పసుపు రంగు. పెయింటర్ దగ్గర అదే మిగిలిందట.

---

ఉరవకొండ తావ మన ఊరు

హేమాకు అత్త దీవించి రాసేది.

శెనక్కాయ ఏసి వానకోసం మోడం దిక్కు సూస్తాండాము. సంతకం చేస్తాలే. పోయిన ఇంటిపేరు మళ్లీ వస్తాదని నాకు ఇంతవరకు తెలీదు. ఎవురిస్తారు? ముసలోళ్లకు గూడా ఇస్తారా?

తిరుపాలమ్మ

తా.క.: విడాకులైతేనే ఇస్తారా, కాపురం నడుస్తాన్నా ఇస్తారా? ఊరికే అడుగుతాండా. ఎవురితోనూ అనాకు.

---

ధర్మవరం

అత్తా,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. మామ ఏమన్నాడు? ఇన్నేళ్లు కాపురం చేసి ఈ వయసులో విడాకులా? సరే, నీ కడుపులో ఏముందో నీకే తెలుసు. నా కేసు చూసిన లాయరమ్మ చంద్రికతో మాట్లాడాను. భరణం ఎంత అడగాలో, మేకలు ఎవరి పేరున ఉన్నాయో రాయమంది. ధైర్యంగా ఉండు.

హేమావతి

తా.క.: ఈ గొడవలో నాకివ్వాల్సిన సంతకం మర్చిపోవద్దు.

---

మన ఊరు

హేమా,

ఇంటిపేరుకు మేకలెందుకు? ఒక పేరుకు అంత కిరాయా? నీ ఉత్తరం సదివి ఇనిపిస్తే మామ మేకలన్నీ తోలుకొని గుట్ట మీదికి పోయినాడు. సంగటి చల్లారిపోతాండాది, ఇంకా దిగలేదు.

తిరుపాలమ్మ

తా.క.: లాయరమ్మకు కోడిపుంజు ఇస్తే సరిపోదా?

---

ధర్మవరం

అత్తా,

మామ ఇల్లు విడిచి పోయాడా? నువ్వు తలుపు వేసుకుని లోపలే ఉండు. శనివారం లాయరమ్మను వెంటబెట్టుకుని వస్తున్నాను.

హేమావతి

తా.క.: ఆమె కోడి తినదు.

---

మన ఊరు

హేమా,

లాయరమ్మను ఆడనే నిలుపు తల్లీ. మామ గుట్ట దిగినాడు, సంగటి తిన్నాడు, పండుకున్నాడు.

నాకు విడాకులెందుకే పిచ్చిదానా? నేను పుట్టింది కొర్రల ఇంట్లో, పెండ్లయినాక ఉండేదీ ఈ ఇంట్లోనే. నా పేరు యాడికి పోయిందని తిరిగి రావల్ల?

పోయింది మామది, దండు అనే ఇంటిపేరు. మా నాయనకు మగబిడ్డలు లేరని ఆయప్పను ఇల్లరికం తెచ్చినారు. వచ్చిన దినం నుంచే ఊరంతా కొర్రల ముత్యాలప్ప అన్నారు. రేషన్ కార్డులోనూ అదే, ఆధార్‌లోనూ అదే. రెండేండ్లకు మీ నాయన పుట్టినాడు. ఇంటికి మగబిడ్డ వచ్చినాడు గానీ, ఆయప్ప పేరు ఆయప్పకు ఎవురూ తిరిగియ్యలేదు.

నీ మొదటి ఉత్తరం నాచేత రెండుతూర్లు సదివించుకొని, "ఆడబిడ్డకిస్తే నాకూ ఇస్తారేమో అడుగు. సచ్చేలోపల ఒకతూరన్నా దండు ముత్యాలప్పా అని పిలిపించుకోవల్ల" అన్నాడు. మా పేరు నీకేం తక్కువ చేసిందని ముందు కోపమొచ్చింది. ఆమేన ఏడుపొచ్చింది. పొద్దున దండు ముత్యాలప్పా, కాఫీ తాగు అంటే, గ్లాసు పట్టుకొని నా దిక్కే సూస్తా నిలబడినాడు.

నీకు కావాల్సిన సంతకం చేసి ఇందులోనే పెట్టినా. పెయింటర్ను రాసుకోమను.

తిరుపాలమ్మ

తా.క.: లైనుకింత అంటివి కదా. ఇద్దరిదీ ఒకే ప్రకటనలో ఏస్తారేమో కనుక్కో, దుడ్లు చెరిసగం. కొర్రల పేరులోకి హేమావతి వస్తాండాది, ముత్యాలప్ప బయటికి పోతాండాడు అని రాయించు. మనిషి మాత్రం యాడికీ పోడు, ఈడనే ఉంటాడు అని గూడా ఒక లైను ఏయించు. ఆ లైను దుడ్లు నేనిస్తా.